లైను వదలని చెయ్యి

ఏకాదశి

ఇవాళ పెద్ద విశేషాలేం లేవని మొదలెడదామనుకున్నా. కానీ ఉంది. పైనుంచి ఒక అమ్మాయి దిగింది.

ముందు నా సంగతి చెప్పాలట, ఈ చిట్టా వినేవాళ్ళు మారుతుంటారు కాబట్టి. నా పేరు నూకాలు. అడుగూరు గడప నాది. సముద్రం అడుగున ఊరు కట్టుకున్నాక ఊరందరికీ గడప ఒక్కటే. గదిలో నేల మధ్యన బావిలాగ ఓ తలుపు, దాని కిందన నీళ్ళు. పొద్దున నాచు కోతకి వెళ్ళేవాళ్ళని అందులోంచి దింపడం, సాయంత్రం పైకి తీసుకోవడం, తలుపేశాక గాలిపంపు జల్లెడ కడగడం, అన్నానికి వెళ్ళేముందు ఈ చిట్టా నోటితో చెప్పడం. ఇదీ నా ఉద్యోగం. రాసుకునేది చుక్కాని. చుక్కాని అంటే మా తలుపులూ గాలీ దీపాలూ నడిపే యంత్రం. తిట్టినా రాసుకుంటుంది, అందుకే దానితో నాకు పడింది.

వచ్చిన అమ్మాయి పేరు హిమజ. పాతికేళ్ళు దాటాయో లేదో. పై ఆఫీసు పంపింది. పున్నమినాడు చుక్కానికి కొత్త బుద్ధి పెడతారట. ఆ బుద్ధిలో ఒక మాటకి ఒకటే అర్థం. అన్ని మాటలూ తేలిపోయాయి గానీ ఒక్కటి తేలట్లేదట. ఏం మాటమ్మా అంటే, "లైను" అంది.

నేను నవ్వాను. తను నవ్వలేదు. నా పక్కనే పీట వేసుకుని పూటంతా కూర్చుంది. కోతవాళ్ళు దిగేముందు నేను "లైను పట్టుకోండి" అన్నాను, అది మోకు. "లైను బిగించావా" అన్నాను, అది వీపుమీది బుడ్డి నుంచి వచ్చే గాలి గొట్టం. "లైన్లో ఉన్నావా" అన్నాను, అది చెవిలో మాటలొచ్చే తీగ. పై లైనోళ్ళ గంపలు వేరు పెట్టమన్నాను, అవి ఇళ్ళ వరసలు. మూడో లైను కోశారా అంటే నాచు సాళ్ళు. వంటశాల సోములు తొంగిచూసి అన్నం లైను కడుతున్నారు రమ్మన్నాడు. మందుల గదిలో పిల్లకి లైనేస్తున్నావట గదా ముందు ఆ సంగతి చెప్పు అన్నాను వాడితో. హిమజ తల పట్టుకుంది.

"ఇన్నిటికీ ఒకటే మాటైతే చుక్కాని ఎలా పని చేస్తుందండీ?" అంది.

ఇన్నాళ్ళూ చేసింది కదా అన్నాను. చేసింది గానీ తడబడుతోందట, ఇక్కడా అక్కడా తప్పుడు తలుపులు తెరుస్తోందట. అదీ నిజమే. పోయిన నెల అన్నం లైను ఆపమంటే పై లైనులో దీపాలార్పింది.

ద్వాదశి

అన్నాల దగ్గర హిమజ నిలబడి ఊరందరికీ చెప్పింది. పున్నమిలోగా లైను అంటే ఏంటో ఒక్కటి తేల్చుకోండి, మిగతావాటికి వేరే మాటలు పెట్టుకోండి, తేలకపోతే ఆ మాటే తీసేస్తారు అని. ఇక చూడాలి. వంటశాలవాళ్ళు అది మా మాట అన్నారు, తిండి ముందా తాడు ముందా అని గొడవ. గొట్టాలవాళ్ళు గాలి లేకపోతే తిండి ఎవడు తింటాడన్నారు. పై లైనువాళ్ళు మా చిరునామానే పోతుందని లేచారు. సోములు మాత్రం తన లైను సంగతి ఎవరూ ఎత్తకపోతే చాలని గరిటె పట్టుకుని వెనక్కి నక్కాడు.

అది ఇంగ్లీషు మాట కదండీ, పోతే పోయిందనుకోండి అంది హిమజ. దానికి ఎర్రయ్య మావ ఒప్పుకోలేదు. ఎర్రయ్య మావ కోతవాళ్ళలో పెద్దాయన, నాకు మేనమావ వరస. ఎక్కడ పుట్టిందో మాకెందుకమ్మా, పెరిగింది మా ఇళ్ళలో అన్నాడు. అందరూ ఔనంటే ఔనన్నారు గానీ ఒక్క అర్థం మాత్రం తేల్లేదు.

నాకు నవ్వులాటగానే ఉంది, తర్వాత సంగతి వినేదాకా. అందరూ లేచాక హిమజ నన్ను పక్కకి పిలిచి మెల్లగా చెప్పింది. కొత్త బుద్ధి వచ్చాక ఒక్కొక్కరి నడుముకీ ఒక బిళ్ళ. ఎవరెక్కడున్నదీ చుక్కానికి తెలుస్తుంది, చెవిలో దారి చెబుతుంది. అందుచేత మోకు అక్కర్లేదు. గడప నుంచి నాచు పొలం దాకా వేసిన మోకు పున్నమి వెళ్ళగానే పీకేస్తారు. తలుపేసే కడ్డీ కూడా నా చేతిలో ఉండదు, బిళ్ళలు లెక్క చూసుకుని చుక్కానే వేస్తుంది.

నాకు ఒళ్ళు మండింది. కడ్డీ పోతుందని కాదు. ఆ మోకు పట్టుకుని అందరికంటే వెనక నడిచేది నా చెల్లెలు పైడి. అడుగున నీళ్ళు ఎప్పుడు కలకబారతాయో ఎవరికి తెలుసు. బురద లేచిందంటే నీ చెయ్యి నీకే కనబడదు. అప్పుడు చెవిలో మాట కాదు, చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఇదంతా ఆ అమ్మాయితో అన్నాను. ఆమె పాపం మర్యాదగా విన్నది. రాసుకో చుక్కానీ, మర్యాదగా విన్నదని రాసుకో.

త్రయోదశి

హిమజ తనూ మోకు మీద నడుస్తానంది. ఆ మాట నాకు నచ్చింది. తొడుగు వేసి, గొట్టం బిగించి దింపాను. పైడికి ముందు, ఎర్రయ్య మావకి వెనక నడవమన్నాను.

వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళిందట. వచ్చేటప్పుడే తంటా. మా దగ్గర ఓ పద్ధతుంది. మోకు పట్టుకుని గడప కిందకి వచ్చినవాడు వెంటనే చెయ్యి వదిలి ఎక్కెయ్యకూడదు. వెనకనున్నవాడు మోకుని రెండుసార్లు గుంజాలి. ఆ గుంజు చేతికి తగిలాక, వెనకవాడు వస్తున్నాడని తెలిశాక, అప్పుడు వదలాలి. అందరికీ వెనకున్నది పైడి కాబట్టి దానికోసం గడప దగ్గర నేను మోకు చివర గుంజి జవాబు చెబుతాను. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలీదు, నేను పుట్టేసరికే ఉంది.

హిమజ గుంజడం మర్చిపోయింది. ఎర్రయ్య మావ గడప కిందే నిలబడిపోయాడు. ఆయన వదలకపోతే ఈమె ఎక్కలేదు, ఈమె ఎక్కకపోతే పైడి ఎక్కలేదు. పై నుంచి నేను చూస్తే ముగ్గురూ దేవుడి ఊరేగింపు ఆగినట్టు ఆగారు. ఆకలికి అందరూ విసుక్కున్నారు. చివరికి పైడి వచ్చి హిమజ చెయ్యి పట్టుకుని గుంజించింది.

పైకొచ్చాక హిమజ తల తుడుచుకుంటూ, ఇంతసేపు ఊరికే నిలబడటం దండగ కదండీ అంది. బిళ్ళ ఉంటే ఈ బాధ లేదట. పైడి నీళ్ళోడుతూనే నవ్వింది.

"దండగేం ఉంది తల్లీ? నీకోసం ఒకరు నిలబడ్డారు, అంతే కదా."

అన్నం తినేటప్పుడు హిమజ పోయి ఎర్రయ్య మావ పక్కన కూర్చుంది.

చతుర్దశి

కొత్త బుద్ధిని పరీక్షకి పెట్టారు. నిజం చెప్పాలి, బాగుంది. కింది లైనులో ఒక ఇంట్లో గాలి గొట్టం సన్నగా కారుతుంటే మా ముక్కులకి తెలీకముందే చుక్కాని పసిగట్టింది. మెచ్చుకున్నాను. బిళ్ళలు కూడా అందరి నడుములకీ కట్టించాను. పైడి దురదేస్తోందని సణిగింది. నోర్మూసుకుని కట్టుకో అన్నాను.

రేపు పున్నమి. పోటు బలంగా ఉంటుంది, బురద లేచినా లేస్తుంది. రేపొక్కరోజు మధ్యలో నడవవే అని పైడిని అడిగాను. వినలేదు. రేపు గంగమ్మ గంప, ఈ ఏడు వంతు తనది. ఏటా ఈ పున్నమికి కోతలో ఆఖరి గంప గంగమ్మకి పంపిస్తాం. ఆఖరి కొమ్మ కోసిన మనిషి తన ఒంటిమీదిది ఏదో ఒకటి ఆ గంపకి కట్టి, తనకంటే ముందు గంపని ఇంటికి పంపాలి. నేను ముందు, తల్లి వెనక అనకూడదని దాని అర్థం. అయితే వెనక ఉండక తప్పదా అంటే, నేనెప్పుడు వెనక లేనే అంది. దానితో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు.

లైను సంగతి ఇంకా తేల్లేదు. రేపు మధ్యాహ్నం దాకా గడువు.

పున్నమి

చుక్కానీ, ఇది నెమ్మదిగా చెబుతాను.

మధ్యాహ్నానికి లైను తేల్లేదు. హిమజ ఆ మాటని పక్కన పెట్టి, కొత్త బుద్ధి మొదలెట్టింది. నా కడ్డీ అప్పటినుంచి ఊరికే కడ్డీ. ఆరుగురు కోతకి వెళ్ళారు. సాయంత్రం పోటు తిరిగేటప్పుడు బురద లేచింది. నేను ఇన్నేళ్ళలో అంత బురద చూడలేదు. గడపలోంచి కిందకి చూస్తే నీళ్ళు కాదు, మట్టి.

ఇక్కడో సంగతి చెప్పాలి. గడప తెరిచి ఉన్నంతసేపూ గాలిపంపు నడవాలి, లేకపోతే నీళ్ళు పైకి ఎగదన్నుతాయి. పంపు నడిస్తే గాలి తీయడానికి బయటి నీళ్ళు పీలుస్తుంది. బురద నీళ్ళు పీలిస్తే జల్లెడ పూడిపోతుంది, పూడితే పంపు కాలుతుంది, పంపు కాలితే ఊరికి గాలి లేదు. గడప మూసేస్తే మాత్రం ఏ భయమూ లేదు, నిల్వ గాలి మీద ఊరు హాయిగా నడుస్తుంది. అందుకే బురద లేస్తే మనుషులు లోపలికి రాగానే తలుపెయ్యాలి.

ఒక్కొక్కరే మోకు పట్టుకుని వచ్చారు. నలుగురు ఎక్కారు. ఐదో మనిషి ఎర్రయ్య మావ. గడపలో నడుం లోతు నీళ్ళలో నిలబడి తల తొడుగు తీశాడు, గానీ ఒక చెయ్యి కిందే ఉంది, మోకు మీద. అప్పుడే చుక్కాని పలికింది. ఆరుగురూ లోపలే ఉన్నారు, తలుపు వేస్తున్నాను, పెద్దాయన్ని పైకి రమ్మనండి అంది.

నేను చుట్టూ చూశాను. పైడి లేదు. ముందే ఎక్కి బట్టలు మార్చుకోడానికి పోయిందేమో అనిపించింది ఒక్క క్షణం. అంత బురదలో నేనే ఎవరినీ సరిగ్గా చూడలేదు. మావా రా అన్నాను. ఆయన కదల్లేదు.

హిమజ వచ్చింది. జల్లెడ అప్పటికే సగం నిండింది, పంపు చప్పుడు మారింది. ఆమె ముఖం తెల్లబోయింది. "తాతగారూ, లెక్క సరిపోయింది. పైకి రండి, ఊరందరి గాలి ఇది" అంది. ఆమె తప్పేం లేదు, ఆమె చెప్పింది నిజమే.

ఎర్రయ్య మావ ఆమె వైపు చూసి చాలా మామూలుగా అన్నాడు.

"వెనక చెయ్యి రాలేదమ్మా."

అంతే. లెక్క గురించి మాట్లాడలేదు, చుక్కానిని తిట్టలేదు. మనిషి అడ్డం ఉంటే తలుపు పడదు. ఆయన్ని పైకి లాగించాలంటే హిమజ ఒక్క మాట చెబితే చాలు, అక్కడ ఐదుగురం ఉన్నాం.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఒంటిమీదిది ఏదో ఒకటి. గంప. పొలం నుంచి గంపలొచ్చే తూము పక్క గదిలోకి తెరుచుకుంటుంది. పరిగెత్తాను. ఆఖరి గంప నీళ్ళోడుతూ ఉంది, దాని చెవికి ఎర్ర తాడుతో కట్టి ఉంది పైడి బిళ్ళ. తొడుగు లోపల గాజులుంటాయి గానీ బయటికి తీయడం కుదరదు కదా. ఒంటిమీద పైకి కనిపించేది ఆ బిళ్ళొక్కటే. దురద కూడా వదిలిపోతుందనుకుని ఉంటుంది, నా తల్లి. అమ్మవారికి కట్టేసింది. గంప లోపలికి వచ్చింది కాబట్టి చుక్కాని లెక్కలో పైడి లోపలే ఉంది.

బిళ్ళ తెచ్చి హిమజ చేతిలో పెట్టాను. ఆమె దానివంక చూసింది, ఎర్రయ్య మావవంక చూసింది.

"చుక్కానీ, తలుపు ఆపు. నేను చెప్పేదాకా వెయ్యొద్దు" అంది. ఆ వెంటనే చేతులు పైకి మడిచి జల్లెడ దగ్గరికి పోయి చేత్తో బురద తోడటం మొదలెట్టింది.

ఒక్కత్తి తోడితే ఏం చాలుతుంది. నేను వంటశాలలోకి కేకేశాను. అన్నం లైనులో నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే వచ్చారు. కంచాలతోనే వచ్చారు. జల్లెడ దగ్గరనుంచి తూము దాకా వరసగా నిలబడి, కంచాలతో బురద ఎత్తి ఒకరి చేతిలోంచి ఒకరికి అందించి బయటికి పోశారు. సోములు గరిటెతో గోకుతున్నాడు. పై లైనువాళ్ళూ కింది లైనువాళ్ళూ ఎవరు ఎటో నాకు తెలీలేదు, అందరి మొహాలూ ఒకటే రంగు. పంపు మూలుగుతూనే ఉంది గానీ ఆగలేదు.

తొడుగుల్లో ఉన్న నలుగురూ తిరిగి దిగారు. ఎర్రయ్య మావ తల తొడుగు పెట్టుకుని ముందు నడిచాడు, మోకు మీద చెయ్యి తీయకుండానే. నేను గడప అంచున బోర్లా పడుకుని మోకు చివర పట్టుకున్నాను. అది నా చేతిలో చల్లగా, కదలకుండా ఉంది. గంగమ్మ తల్లీ నీ గంప నీకొచ్చింది, నా చెల్లెల్ని నాకు పంపించు అని ఎన్నిసార్లు అన్నానో నాకే తెలీదు. నేను ఏడ్చాను, అదీ రాసుకో.

మోకు గుంజింది. ఒకసారి. రెండోసారి.

పొలం దగ్గర నాచు పందిరి పోటుకి విరిగి మోకు మీద పడిందట. పైడి పందిరికి అవతల చిక్కుకుంది. అది గుంజుతూనే ఉంది, గుంజు పందిరి దగ్గరే ఆగిపోతోంది. చెవిలో తీగ కూడా తెగింది. చుక్కాని ఎంత పిలిచినా వినబడదు, దీని మాట ఎవరికీ వినబడదు. వాళ్ళు పందిరి ఎత్తేసరికి మోకు చివర పట్టుకుని నేలమీద కూర్చుని ఉందట, తీరిగ్గా.

తల తొడుగు విప్పగానే దాని పెదాలు నీలంగా ఉన్నాయి. చుట్టూ చూసింది, బురద కంచాలు పట్టుకున్న జనాన్ని చూసింది.

"అన్నం లైను అయిపోయిందా అక్కా?"

దాన్ని కొట్టాను. నిజంగానే వీపుమీద ఒకటిచ్చాను, తర్వాత వాటేసుకున్నాను. అందరూ నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు. తలుపు పడింది. పంపు ఆగింది. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

భయం వేయలేదటే అని తర్వాత అడిగాను. వేసింది, చచ్చేంత వేసింది అంది. "కానీ మావ చెయ్యి వదిలుండడు కదా. ఎంతసేపైనా వదిలుండడు. అందుకే కూర్చున్నా."

బహుళ పాడ్యమి

పైడికి రెండు రోజులు విశ్రాంతి చెప్పారు. మంచంమీదనుంచే ఊరందరినీ ఆడిస్తోంది. సోములు మూడు రకాలు వండి పంపాడు, వాటికి వంకలు పెట్టింది. వచ్చే ఏటినుంచి గంగమ్మకి తలపిన్ను కట్టమని, బిళ్ళ జోలికి పోవద్దని ఆడవాళ్ళందరికీ చెప్పించాను. తలపిన్ను తల తొడుగు లోపల ఉంటుంది కదే అని ఎవరో అన్నారు. అయితే నడుముకి అదనంగా ఒక ఎర్ర తాడు కట్టుకుని దిగండి, అది కట్టండి అన్నాను. అమ్మవారు సర్దుకుంటుందిలే.

హిమజ రెండు చేతులకీ బొబ్బలు. మందుల గదిలో పిల్ల కట్టు కట్టింది, సోములు పక్కనే నిలబడి గాజుగుడ్డ అందించాడు. అది ఏ లైనో నేను అడగలేదు.

సాయంత్రం హిమజ నా పీట పక్కన కూర్చుంది. పై ఆఫీసుతో పొద్దుటినుంచి మాట్లాడిందట. ఏమందో తెలుసా? లైనుకి ఒక అర్థం ఇవ్వనని చెప్పేసింది. ఆ మాట వింటే చుక్కాని ఏ లైను అని తిరిగి అడుగుతుంది, మేం చెబుతాం, అంతే. ఒక్క ప్రశ్నకి ఎవరి ప్రాణమూ పోదు అంది. మోకు ఉంటుంది. బిళ్ళలూ ఉంటాయి, అవీ మంచివే. పైవాళ్ళు ఒప్పుకున్నారా అన్నాను. బురద తోడిన చేతులు చూపించానండీ, ఒప్పుకున్నారు అంది. మొదటిసారి నవ్వింది ఆ పిల్ల, నాకు మహా ఊరటగా ఉంది.

ఎర్రయ్య మావకి ఈ కబురు చెబితే, సరే అన్నాడు. అన్నం లైనుకి టైమైందని లేచిపోయాడు.

విదియ

హిమజ పొద్దున పైకి వెళ్ళింది. వెళ్ళేముందు చుక్కానికి ఇంకో సంగతి నేర్పింది. నాకు చెప్పలేదు, సాయంత్రం తెలిసింది.

పైడికి విశ్రాంతంటే పడలేదు, వద్దన్నా వినకుండా కోతకి దిగింది. నాచు పందిరి తిరిగి ఎత్తాలి కదా అంది. ముందు నడవవే అన్నాను. వెనకే నడిచింది.

సాయంత్రం నీళ్ళు తేటగా ఉన్నాయి. ఐదుగురు ఎక్కారు. ఎర్రయ్య మావ గుంజు అందుకుని, చెయ్యి వదిలి, మోకాళ్ళు పట్టేశాయని తిట్టుకుంటూ పైకొచ్చాడు. బిళ్ళలన్నీ లెక్కకి వచ్చే ఉంటాయి, పైడి గడప కిందికే వచ్చేస్తోంది కాబట్టి. పున్నమినాటి చుక్కాని ఐతే తలుపు వేస్తున్నాను అనేది. ఈసారి అనలేదు.

"నూకాలూ, వెనక ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

మోకు మీద చెయ్యి పెట్టాను. రెండుసార్లు గుంజింది, గట్టిగా, నన్ను నీళ్ళలోకి లాగేద్దామన్నట్టు. అది కావాలనే చేస్తుంది.

ఉంది, మా పైడి వస్తోంది, ఆగు అన్నాను. చుక్కాని ఆగింది.